వెయ్యి గజాలకు ఏ కార్ట్రిడ్జ్? తిరుపతి నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి

మా బామ్మర్ది డాలస్ దగ్గర ఉంటాడు. ఈమధ్య అక్కడి షూటింగ్ క్లబ్బులో చేరాడు. నేల మీద బోర్లా పడుకుని, 600 గజాలు, 1000 గజాల దూరంలో ఉన్న కాగితపు టార్గెట్‌ను కొట్టే ఎఫ్-క్లాస్ పోటీలంటే వాడికి ఇప్పుడు ప్రాణం. రైఫిల్ కొనాలి. డబ్బు సిద్ధంగా ఉంది, ఏ కార్ట్రిడ్జ్‌కి కొనాలన్నదే తేలలేదు. క్లబ్బులో నలుగురు నాలుగు పేర్లు చెప్పారట. "నువ్వు ఫిజిక్స్ చెప్పేవాడివి గదా బావా, లెక్కేసి చెప్పు. వాళ్ల మాట వీళ్ల మాట వింటా ఉంటే టెన్షన్ ఎక్కువైతాంది" అని ఫోన్ చేశాడు.

నా దగ్గర తుపాకీ లేదు, కొనే ఆలోచనా లేదు. ల్యాప్‌టాప్ ఉంది, కాలేజీ అయ్యాక సాయంత్రాలు ఉన్నాయి, మా క్లాసులో ఇలాంటి పని అంటే ముందుకొచ్చే పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అది చాలు. బుల్లెట్ గాలిలో ఎలా ప్రయాణిస్తుందో లెక్క కట్టే ప్రోగ్రాం రాసి, ఆ ఫలితాన్ని టార్గెట్ మీది వలయాలతో పోల్చి, ఒక పేరు దగ్గరకు రావాలన్నది ప్రాజెక్టు.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. కార్ట్రిడ్జ్ అంటే మొత్తం తూటా: ఇత్తడి కేసు, అందులో మందు, అడుగున ప్రైమర్, కొసన బుల్లెట్. టార్గెట్ దాకా వెళ్లేది బుల్లెట్ ఒక్కటే. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. జనం కేసు పేరు మీద వాదించుకుంటారు గానీ, గాలితో కొట్లాడేది బుల్లెట్.

జాబితా ఇలా తయారైంది. .308 విన్చెస్టర్, 1952లో వచ్చింది, అందరికీ తెలిసిన పాత కాపు. 6.5 క్రీడ్‌మూర్, 2007లో హార్నడీ కంపెనీ తెచ్చింది. .284 విన్చెస్టర్, 1963 నాటిది, వేటలో పెద్దగా నిలబడకపోయినా ఎఫ్-క్లాస్ వాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 6 డాషర్, చిన్న కేసు, తేలిక బుల్లెట్. .300 విన్చెస్టర్ మాగ్నమ్, .338 లపువా మాగ్నమ్ కూడా ఎవరో చెప్పారట. ఆ రెంటినీ మొదటి రోజే తీసేశాను. పోటీ రోజు పడుకుని 60 తూటాలు, పైగా గురి చూసుకునే తూటాలు, కాల్చాలి. వెనక్కి తన్నే దెబ్బను తగ్గించడానికి గొట్టం కొసన పెట్టే మజిల్ బ్రేక్ బిగించుకోవడానికి ఎఫ్-క్లాస్ ఒప్పుకోదు. కొత్తగా నేర్చుకునేవాడి భుజం ఆ దెబ్బకు ముందే బిగుసుకుంటుంది, కాల్చే క్షణంలో కన్ను మూసుకుంటుంది. ఒకసారి పట్టిన ఆ అలవాటు పోవాలంటే ఏళ్లు పడుతుంది.

ఫిబ్రవరి

ప్రోగ్రాం రాయడం అనుకున్నదానికంటే తేలిక. దూరాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో గాలి నిరోధం వల్ల వేగం ఎంత తగ్గిందో, ఎంత సమయం పట్టిందో కూడుకుంటూ పోవాలి. వేగాన్ని బట్టి నిరోధం ఎలా మారుతుందో చెప్పే పట్టికలు ఎప్పటినుంచో ఉన్నాయి. జి1 అనే పాత పట్టిక మూలాలు 19వ శతాబ్దపు ఫిరంగి పరీక్షల్లో ఉన్నాయి, దానిలో బుల్లెట్ అడుగు చదునుగా ఉంటుంది. ఇప్పటి పొడుగాటి, వెనక వైపు సన్నబడే బుల్లెట్లకు జి7 దగ్గరగా సరిపోతుంది. ఈ పట్టికల్ని బట్టి ఒక్కో బుల్లెట్‌కు ఒక విలువ కడతారు, అది ఎంత పెద్దదైతే బుల్లెట్ గాలిని అంత తేలిగ్గా కోసుకుపోతుంది. డబ్బాల మీద పెద్ద అంకె కనిపించాలని చాలామంది జి1 విలువే వేస్తారు. రెండు బుల్లెట్లను పోల్చేటప్పుడు ఒకదానికి జి1, ఇంకోదానికి జి7 తీసుకుంటే లెక్క మొత్తం చెడుతుంది. నేను అన్నిటికీ జి7నే పట్టుకున్నాను.

రెండు బుల్లెట్లను ఎదురెదురుగా పెట్టి చూద్దాం. .308లో ఎక్కువమంది వాడే 175 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) మ్యాచ్ బుల్లెట్, అంటే పోటీల కోసం చేసింది, జి7 విలువ 0.243, గొట్టం కొన దగ్గర వేగం సెకనుకు 2600 అడుగులు. 6.5 క్రీడ్‌మూర్‌లో 140 గ్రెయిన్ల ఇఎల్‌డీ మ్యాచ్ అనే బుల్లెట్, జి7 విలువ 0.326, వేగం 2710. బరువుకు, అడ్డుకొలత వర్గానికి ఉన్న నిష్పత్తి చూస్తే రెండూ దగ్గరివే: 0.264, 0.287. అసలు తేడా ఆకారంలో ఉంది. 6.5 బుల్లెట్ ముక్కు పొడుగు, తోక సన్నం. క్రీడ్‌మూర్ కేసును పొట్టిగా చేసింది కూడా ఇందుకే. మ్యాగజైన్‌లో పట్టే పొడుగు మారకుండా, కేసు తగ్గించి, ఆ మిగిలిన చోటు పొడుగాటి బుల్లెట్‌కు ఇచ్చారు. ఆ పొడుగాటి బుల్లెట్ తూలకుండా తిరగడానికి బ్యారెల్‌లో ప్రతి 8 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే మెలిక గాడులు పెట్టారు. పెద్ద కేసు, ఎక్కువ మందు అన్న దారి వదిలేసి, బుల్లెట్ నుంచి మొదలుపెట్టి వెనక్కి కేసు దాకా ఆలోచించినవాళ్లంటే నాకు గౌరవం.

సముద్ర మట్టం, 15 డిగ్రీల గాలికి ప్రోగ్రాం ఇచ్చిన ఫలితం: 1000 గజాలు చేరేసరికి 6.5 బుల్లెట్ ఇంకా 1480 అడుగుల వేగంతో ఉంది. .308 బుల్లెట్ 1090కి పడిపోయింది. ఆ గాలిలో ధ్వని వేగం 1116. అంటే .308 టార్గెట్‌కు చేరే ముందే ధ్వని వేగం కిందికి జారింది. ఆ గీత దాటేటప్పుడు కొన్ని బుల్లెట్లు తూలుతాయి. పాత 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్‌కు ఈ విషయంలో బాగా చెడ్డపేరు ఉంది. 300 గజాల్లో ముత్యాల్లా పడే బుల్లెట్ 1000 దగ్గర కాగితం మీద అడ్డంగా చీలిక చేస్తుంది.

ఫిబ్రవరి చివర

బామ్మర్దికి మొదట్నుంచీ ఒకటే బెంగ, బుల్లెట్ ఎంత కిందికి పడుతుందని. 100 గజాలకు గురి కుదిర్చి 1000కి కాలిస్తే, 6.5 దాదాపు 300 అంగుళాలు, .308 అయితే 400 అంగుళాలకు పైనే కిందికి దిగుతాయి. పది మీటర్లు! వినడానికి భయం వేస్తుంది. కానీ భూమి ఆకర్షణ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఉండదు. దూరం తెలుసు, టార్గెట్ కదలదు. స్కోపు మీది గుండీ అన్ని క్లిక్కులు తిప్పితే అయిపోయింది. రెండు గురి తూటాలతో అది కుదురుతుంది.

కుదరనిది గాలి. ఇక్కడ ఒక చక్కటి సూత్రం ఉంది, క్లాసులో చెప్పినప్పుడు పిల్లల కళ్లు మెరిశాయి. పక్కగాలి బుల్లెట్‌ను ఎంత నెడుతుందో తెలుసుకోవడానికి గాలిలో ఎంతసేపు ఉందన్నది కాదు, ఎంత ఆలస్యం అయిందన్నది కావాలి. నిరోధమే లేకపోతే 2710 అడుగుల వేగంతో 3000 అడుగులు 1.107 సెకన్లలో పూర్తవుతాయి. నిజంగా పట్టింది 1.494 సెకన్లు. తేడా 0.387 సెకను. ఆ తేడాను గాలి వేగంతో గుణిస్తే పక్కకు జరిగిన దూరం వస్తుంది. గంటకు 10 మైళ్ల గాలి అంటే సెకనుకు 176 అంగుళాలు. 176ని 0.387తో గుణిస్తే 68 అంగుళాలు. అంతే! నెమ్మదిగా వెళ్లే బుల్లెట్ ఎక్కువ కొట్టుకుపోతుందని చాలామంది అనుకుంటారు. దారిలో వేగం పోగొట్టుకునేదే ఎక్కువ కొట్టుకుపోతుంది.

ఇదే లెక్క మిగతావాటికి: .308లో 175 గ్రెయిన్లు, 111 అంగుళాలు. 6 డాషర్‌లో 105 గ్రెయిన్ల హైబ్రిడ్ రకం బుల్లెట్‌ను 2950 వేగంతో పంపితే 75. .284లో 180 గ్రెయిన్ల హైబ్రిడ్ 2830 వేగంతో 59.

మార్చి

అంగుళాల దగ్గర ఆగితే నిర్ణయం రాదు. పోటీలో మార్కులు వలయాలు ఇస్తాయి. 1000 గజాల ఎఫ్-క్లాస్ టార్గెట్‌లో నడిమధ్యనుండే ఎక్స్ వలయం 5 అంగుళాలు, పది మార్కుల వలయం 10, తొమ్మిదిది 20, ఎనిమిదిది 30 అంగుళాల వ్యాసం. నడిమధ్య నుంచి లెక్కపెడితే 5 అంగుళాలు దాటితే పది పోయింది, 10 దాటితే తొమ్మిది పోయింది.

ఇప్పుడు షూటర్ గాలిని చదవడంలో గంటకు ఒక్క మైలు పొరపాటు పడ్డాడనుకుందాం. చాలా బాగా చదివేవాళ్లకు కూడా అది మామూలే. 6.5 అయితే 6.8 అంగుళాలు పక్కకు, అంటే తొమ్మిది. డాషర్ 7.5, తొమ్మిది. .284 అయితే 5.9, అదీ తొమ్మిదే. .308 మాత్రం 11 అంగుళాలు, ఎనిమిది. 600 గజాల దగ్గర పది వలయం వ్యాసం 6 అంగుళాలు. అదే పొరపాటుకు 6.5 జరిగేది 2.2 అంగుళాలు, పది పోదు. .308 జరిగేది 3.3, గీత దాటిపోతుంది.

ఈ పట్టిక చూశాక ప్రాజెక్టు నాకు కొత్తగా అర్థమైంది. కార్ట్రిడ్జ్ ఎంచుకోవడమంటే, గాలి విషయంలో మనం చేయబోయే పొరపాటుకు ఎంత ధర కట్టాలో ముందే ఎంచుకోవడం. పొరపాటు ఎలాగూ జరుగుతుంది, దాన్ని తీసేసే తూటా లేదు. ఒక్క మైలు పొరపాటుకు ఒక మార్కు పోవాలా, రెండు పోవాలా అన్నది మాత్రం మన చేతిలో ఉంది. అలా చూస్తే .284 కోసం తపించడంలో అర్థం తగ్గింది. 6.5తో పోలిస్తే అది ఆదా చేసేది అంగుళం కన్నా తక్కువ, అక్కడా ఇక్కడా పడేది తొమ్మిదే. బాగా ఆరితేరినవాడు అర మైలు తేడా చదవగలడు, వాడికి ఆ అంగుళం విలువైనదే. మావాడికి ఇంకా ఆ రోజు రాలేదు.

ఏప్రిల్

గాలి మీద ఇంత ఆధారపడుతున్నప్పుడు దాన్ని కాగితం మీద ఒకే అంకెగా రాసుకోవడం నాకు నచ్చలేదు. 900 మీటర్ల పొడుగునా గాలి ఒకేలా వీస్తుందా? పాకాల దగ్గర మా ఊరి చెరువు ఎండిపోయి ఉంది. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాం. వంద మీటర్లకొక వెదురు గడ పాతాం. ఒక్కో గడకు తల ఎత్తులో ఒక ఎర్ర రిబ్బను, మూడు మీటర్ల ఎత్తులో ఇంకొకటి. పై రిబ్బనుకు కారణం ఉంది: 1000 గజాలకు వెళ్లే 6.5 బుల్లెట్ సగం దారిలో మన చూపు గీతకు దాదాపు తొమ్మిది అడుగుల పైన ప్రయాణిస్తుంది. అక్కడి గాలి తెలియాలి కదా. చేతిలో పట్టుకునే గాలి మీటరు ఒకటి నా దగ్గర, మరొకటి అవతలి కొస పిల్లవాడి దగ్గర. ఇద్దరమూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకేసారి అంకెలు రాసుకున్నాం.

మొదటి అరగంటలోనే తేలిపోయింది. నా దగ్గర గడకు ఉన్న రిబ్బను వేలాడుతోంది, నాలుగో గడ దగ్గర అడ్డంగా ఎగురుతోంది, చివరి గడ దగ్గర ఎదురు దిక్కుకు తిరిగింది. చెరువు కట్ట ఒక పక్కన గాలిని ఆపుతోంది, ఇంకో పక్కన తుమ్మ చెట్ల మధ్య సందులోంచి అది తోసుకొస్తోంది. ఒకే గడకు పైనా కిందా ఉన్న రిబ్బన్లు కూడా ఒక్క తీరుగా లేవు.

మరి ఏ గడ దగ్గరి గాలిని నమ్మాలి? ఇంటికొచ్చి ప్రోగ్రాంలో దారిని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగంలో మాత్రమే గాలి పెట్టి చూశాను. మొత్తం జరుగుడులో షూటర్ దగ్గరి మొదటి భాగం వాటా 46 శాతం, మధ్య భాగానిది 37, టార్గెట్ దగ్గరి చివరి భాగానిది 17. దగ్గర్లో బుల్లెట్ కొంచెం తిరిగినా, ఆ తిరిగిన కోణంతోనే మిగతా దూరమంతా పోతుంది కాబట్టి. టార్గెట్ పక్కనున్న జెండాను చూసి కాల్చేవాళ్లు అన్నిటికన్నా తక్కువ పనికొచ్చే జెండాను చూస్తున్నారన్నమాట. అయితే మధ్య భాగంలో బుల్లెట్ ఎత్తున ఉంటుంది, ఎత్తున గాలి ఎక్కువ. కాబట్టి దగ్గరిదీ మధ్యదీ రెండూ కలిపి చూసుకోమని బామ్మర్దికి రాశాను.

చెరువు ఒడ్డున చెనిక్కాయలు వేసే రైతు ఒకాయన మా గడలు చూసి వచ్చాడు. ఏం చేస్తున్నామో చెబితే నవ్వలేదు, ఆసక్తిగా విన్నాడు. వంగి గుప్పెడు దుమ్ము తీసి భుజం ఎత్తు నుంచి వదిలాడు. "ఒకే పక్కనుంచి వచ్చే గాలి కాదు సార్ ఇది. పోతాది, మళ్లీ వస్తాది. తూర్పార పట్టేటప్పుడు మేం చేట ఎత్తి పట్టుకోని నిలబడుకుంటాం. ఆ గాలి తిరిగి వచ్చినాంక వదుల్తాం" అన్నాడు. ఎఫ్-క్లాస్‌లో మంచి షూటర్లు చేసే పని అచ్చంగా ఇదే. ఎక్కువసేపు నిలిచే ఒక గాలిని ఎంచుకుంటారు, దానికి గురి కుదుర్చుకుంటారు, గాలి మారితే ఆగుతారు, అదే గాలి తిరిగొచ్చాక కాలుస్తారు. ఆయన మాటల్ని ఉన్నవి ఉన్నట్టు డాలస్‌కు పంపాను. నేను పంపిన లెక్కలన్నిటికన్నా మావాడికి అదే బాగా పట్టింది.

పదకొండు దాటాక టెలిస్కోపులోంచి చూస్తే చెరువు నేల మీద ఎండమావి నీళ్లలా పారుతోంది. గాలి నెమ్మదిగా ఉంటే అలలు నిటారుగా మరుగుతాయి, కొంచెం వీస్తే ఒక పక్కకు వాలి పారుతాయి, బాగా వీస్తే చదునై ఏమీ తెలియదు. రిబ్బను ఒక చోటి గాలినే చెబుతుంది. ఎండమావిలో, ఎక్కడ ఫోకస్ చేస్తే అక్కడి గాలి కనిపిస్తుంది. అందుకే స్పాటింగ్ స్కోపును టార్గెట్ మీద కాకుండా దానికి బాగా ఇవతల ఫోకస్ చేసి పెట్టుకుంటారు.

మే

ఇక గాలి సాంద్రత. ఎత్తైన చోట్ల బుల్లెట్ సుఖంగా పోతుందని అందరూ చెబుతారు. మనకు కొండ ఎదురుగానే ఉంది కదా, చూద్దామనుకున్నాను. తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్లు, తిరుమల 850. దర్శనానికి వెళ్లిన రోజు ఫోన్లోని బారోమీటరు కింద దాదాపు 985 హెక్టోపాస్కల్స్, పైన 913 చూపించింది. కింద ఎండ 40 డిగ్రీలు, పైన 33. సాంద్రత లెక్క కడితే కింద ఘనపు మీటరుకు 1.10 కిలోలు, పైన 1.04. తేడా ఐదు శాతం.

తరువాత జనవరి పొద్దుటి తిరుపతి గాలిని, 18 డిగ్రీలకు, లెక్క కట్టాను. 1.19 వచ్చింది. అంటే జనవరి నుంచి మే దాకా ఇంట్లో కూర్చున్నా గాలి ఎనిమిది శాతం పలచబడింది, ఏడు వందల మీటర్ల కొండ ఎక్కితే ఐదు శాతమే. ఎత్తు గురించి అంత మాట్లాడేవాళ్లు రుతువు గురించి ఎందుకు మాట్లాడరో!

మావాడుండే చోటి ఎత్తు తిరుపతికి అటూ ఇటూ అంతే. కానీ అక్కడ జనవరి పొద్దున మూడు డిగ్రీలు, ఆగస్టులో నలభై. తేడా పన్నెండు శాతం. పది మైళ్ల గాలికి 1000 గజాల దగ్గర 6.5 జనవరిలో 70 అంగుళాలు జరిగితే ఆగస్టులో 60. .308 175 గ్రెయిన్ల బుల్లెట్ ఆగస్టు ఎండలో సరిగ్గా ధ్వని వేగం అంచున చేరుతుంది, జనవరిలో ముందే కిందికి పడిపోతుంది. ఒకే కార్ట్రిడ్జ్ ఎండాకాలం బాగా కొట్టి చలికాలం మొరాయించిందని క్లబ్బులో ఎవరైనా అంటే, తప్పు తుపాకీది కాకపోవచ్చు.

న్యూ మెక్సికోలో రేటన్ దగ్గరి విటింగ్టన్ సెంటర్ సంగతి వేరు. దాదాపు 2000 మీటర్ల ఎత్తు. అక్కడి వేసవి గాలి సముద్ర మట్టపు గాలిలో నాలుగింట మూడు వంతులే. అక్కడ .308 ఇంచుమించు కింద 6.5 నడిచినట్టు నడుస్తుంది. ఎవరైనా "నేను .308తో 1000 గజాలు బ్రహ్మాండంగా కొట్టాను" అంటే, ఎక్కడ, ఏ నెలలో అని అడగాలి.

భూమి తిరగడం వల్ల బుల్లెట్ పక్కకు జరిగే దూరాన్ని కూడా పిల్లలు లెక్క కట్టారు. తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు కాబట్టి 1000 గజాలకు ఒక అంగుళం లోపే, రేటన్‌లో రెండున్నర దాకా. స్థిరంగా ఉండేదే కాబట్టి గురి తూటాల్లోనే సరిపోతుంది. వదిలేశాం.

జూన్

క్లబ్బులో ఒక మిత్రుడి 6.5 రైఫిల్‌తో మావాడు ఫ్యాక్టరీ తూటాలు కాల్చి, బుల్లెట్ వేగం కొలిచే రాడార్ క్రోనోగ్రాఫ్ అంకెలు పంపాడు. డబ్బా మీది వేగం కన్నా కొంచెం తక్కువ. అది పెద్ద విషయం కాదు, బ్యారెల్‌ను బట్టి మారుతుంది. తూటాకూ తూటాకూ వేగంలో తేడా ఎంతన్నదే ముఖ్యం. సెకనుకు 30 అడుగుల తేడా ఉంటే 1000 గజాల దగ్గర పైకీ కిందికీ ఏడు అంగుళాల దాకా తేడా వస్తుంది. గాలికి ఒక్క ఈక కూడా కదలకపోయినా పది పోవచ్చు.

కానీ వాడు పంపింది ఐదు తూటాల అంకెలు. అక్కడ గట్టిగానే చెప్పాను. ఐదింటి మీద ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 10 వస్తే, అసలు విలువ 6 నుంచి 29 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అదీ నూటికి 95 పాళ్ల నమ్మకంతో. ఇరవై కాలిస్తే ఆ పరిధి 7.6 నుంచి 14.6కి కుదించుకుంటుంది. మూడు తూటాలు ఒకే చిల్లులోంచి పోయిన కాగితం ఫొటో చూసి కార్ట్రిడ్జ్ ఎంచుకోవడం అంటే, ఒక్క పరీక్ష మార్కు చూసి పిల్లవాడి చదువు తేల్చేయడమే. వాడు మళ్లీ వెళ్లి ఇరవై కాల్చాడు. ఆ అంకెలు చూశాక ఫ్యాక్టరీ మ్యాచ్ తూటాతో మొదటి ఏడాది ధైర్యంగా గడపొచ్చని ఇద్దరికీ అనిపించింది.

బ్యారెల్ ఆయుష్షు గురించి కూడా మాట్లాడుకున్నాం. పోటీ స్థాయి కచ్చితత్వం .308 బ్యారెల్‌లో మామూలుగా 4000, 5000 తూటాల దాకా నిలుస్తుంది. 6.5 క్రీడ్‌మూర్‌లో 2000 నుంచి 3000. .284లో 1500, 2000. సన్నటి గొట్టంలోంచి ఎక్కువ మందు మండుతూ పోతే బ్యారెల్ మొదట్లో ఉక్కు త్వరగా అరుగుతుంది. నేర్చుకునేవాడికి ఇది పైసల లెక్క మాత్రమే కాదు. బ్యారెల్ ఎన్ని తూటాలు నిలిస్తే, గాలి చదవడం అన్ని తూటాలు నేర్చుకోవచ్చు.

అందుకే నా మనసు చాలా రోజులు .308 వైపే లాగింది. ఎఫ్-టీఆర్ అనే విభాగంలో .308, .223 రెంటినే రానిస్తారు. అక్కడ అందరి పొరపాటుకూ ఇంచుమించు ఒకే ధర. పైగా .308ని 175 గ్రెయిన్ల బుల్లెట్‌తోనే కొలవడం అన్యాయం. ఎఫ్-టీఆర్ పోటీదారులు పొడుగాటి బ్యారెల్ పెట్టి 200 గ్రెయిన్ల బుల్లెట్‌ను 2650 దరిదాపు వేగంతో పంపుతారు. వాటిలో జి7 విలువ 0.33 దగ్గర ఉన్నవి ఉన్నాయి. ప్రోగ్రాంలో వేస్తే పక్క జరుగుడు 70 అంగుళాలే, 6.5కి సమానం. కేసు పేరు మారలేదు, బుల్లెట్ మారింది, అంతే. అయితే దానికి మూల్యం ఉంది. ఆ బుల్లెట్ ఒక్కదాని ద్రవ్యవేగమే 10.5 (కిలో-మీటరు/సెకను), అదే 6.5ది 7.5. భుజానికి తేడా తెలుస్తుంది. ఆ స్థాయి తూటాలను ఎఫ్-టీఆర్ వాళ్లు చాలావరకు ఇంట్లో సొంతంగా తయారు చేసుకుంటారు. దానికి సరంజామా కావాలి, ఓపిక కావాలి, అంతకుమించి ఎవరూ పలకరించని సాయంత్రాలు కావాలి.

జూలై

ఆ చివరి మాట దగ్గరే నిర్ణయం జరిగింది. మా ఆవిడ తమ్ముడి ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. "తూటాలు చుట్టుకుంటా కూసునేదానికి నాకు టైము యాడిది బావా? నెలకు ఒక ఆదివారం దొరికితే గొప్ప. ఆ ఒక్క రోజు కాల్చాల, గాలి నేర్చుకోవాల" అన్నాడు. వాడన్నది నిజం. నేను ఆయుష్షు లెక్కలో 5000 తూటాల బ్యారెల్‌ను మెచ్చుకుంటున్నాను. నెలకు ఒక ఆదివారం, రోజుకు 60, 70 తూటాలు కాల్చేవాడికి 6.5 బ్యారెల్ కూడా మూడేళ్లు వస్తుంది. ఈలోగా గాలి చదవడం వస్తుందా రాదా అన్నది బ్యారెల్ మీద ఆధారపడి లేదు.

6.5 క్రీడ్‌మూర్ ఖాయం చేశాం. డబ్బా విప్పి కాల్చగలిగే మ్యాచ్ తూటా, మోయగలిగే దెబ్బ, ఒక మైలు పొరపాటుకు 600 దగ్గర పది మిగిలి 1000 దగ్గర ఒక్క మార్కే పోవడం. ఎఫ్-టీఆర్‌లో లేని కార్ట్రిడ్జ్‌లను కూడా రానిచ్చే ఎఫ్-ఓపెన్ విభాగంలో కాల్చాలి, అక్కడ .284లూ, వాటికన్నా పెద్దవీ ఎదురవుతాయి. వాళ్లను గెలవడం ఇప్పటి పని కాదని వాడికీ తెలుసు.

వాదన ఒక కొలిక్కి వచ్చిన రాత్రి వాడికి ఒక పాత సంగతి చెప్పాను. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో క్రీడ్‌మూర్ అనే రేంజి ఉండేది. 1874లో అక్కడ ఐర్లండ్ జట్టు, అమెరికా జట్టు 800, 900, 1000 గజాల్లో పోటీపడ్డాయి. అమెరికాకు 934, ఐర్లండ్‌కు 931. ఐర్లండ్ షూటర్ ఒకాయన నిఖార్సుగా మధ్యలో కొట్టాడు, కాకపోతే అది పక్కవాడి టార్గెట్! మార్కు సున్నా. ఆ ఒక్క తూటా సరైన కాగితం మీద పడి ఉంటే పందెం వాళ్లదే. కాబట్టి కాల్చే ముందు టార్గెట్ నంబరు చూసుకోరా అని చెప్పాను.

ఇప్పుడు నా ముందున్న పని గాలి కార్డు. అరచేయంత కాగితం, రెండు వైపులా అచ్చు. ఒక వైపు జనవరి గాలికి, ఒక వైపు ఆగస్టుకు. ఎడమ వరుసలో గాలి వేగం మైళ్లలో, పక్కన 600కి, 1000కి ఎన్ని క్లిక్కులు. గాలి పూర్తిగా అడ్డంగా కాకుండా, కాల్చే దారికి ఏటవాలుగా వస్తే ఎంత తగ్గించాలో కింద ఒక వరుస: 30 డిగ్రీల ఏటవాలుకు సగం, 45కి పదింట ఏడు వంతులు, 60కి పదింట తొమ్మిది. అరవై డిగ్రీల గాలి కూడా దాదాపు పూర్తి పక్కగాలే అన్న సంగతి చాలామందికి తట్టదు, అందుకని ఆ గడిని పసుపు రంగు వేసి పంపుతున్నాను. రైఫిల్ వచ్చి వాడి సొంత బ్యారెల్ వేగం తెలిశాక ఇరవై తూటాల సగటుతో కార్డు మళ్లీ అచ్చు వేస్తాను. చెరువులోకి నీళ్లు రాకముందు ఇంకోసారి గడలు పాతాలని పిల్లలు అడుగుతున్నారు. ఈసారి 45 డిగ్రీల గాలి కోసం కట్ట మూల నుంచి చూస్తాం.